పెద్దాయనకో ల్యాప్‌టాప్!

‘ఏమోయ్, మంచి ల్యాప్‌టాప్ ఒకటి చూసిపెట్టు. నలభై వేలు దాటకూడదు.’

2025 దసరా ముందు ఓ ఉదయం, మెట్ల దగ్గర ఎదురుపడి బాబాయ్ అన్న మాట ఇది. బాబాయ్ అంటే చుట్టం కాదు. మా కింది ఫ్లాటులో ఉంటారు. పోస్టాఫీసులో ముప్ఫై ఏడేళ్లు పనిచేసి పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. వయసు 68. రోజూ పొద్దున్నే కలిసి నడుస్తాం. నా స్నేహితుల్లో అందరికన్నా పెద్దాయన.

‘ఇంట్లో ఒకటి ఉందిగా బాబాయ్?’ అన్నాను.

‘ఉంది నాయనా... బీరువాలో, పట్టుచీరల కింద!’ లోపల్నుంచి పిన్ని అందుకుంది.

అది 2021లో కొన్నది. కరోనా రోజులు. డల్లాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడుకోవచ్చని ఆన్‌లైన్లో పంతొమ్మిది వేలకి తెప్పించారు. మీట నొక్కి, పిన్ని కాఫీ కలిపి తెచ్చేదాకా కూర్చున్నా అది తెరుచుకునేది కాదు. ఏడాది తిరిగేసరికి ‘జాగా లేదు’ అని మొరాయించడం మొదలెట్టింది. చివరికి బీరువా ఎక్కింది. అప్పట్నుంచీ బ్యాంకు స్టేట్‌మెంటు కావాలన్నా, మూడు నెలలకోసారి సీనియర్ సిటిజన్స్ స్కీమ్ వడ్డీ పడిందో లేదో చూసుకోవాలన్నా సందు చివరి నెట్ సెంటరే గతి.

‘అక్కడి కుర్రాడికి నా పాస్‌వర్డ్ చెబుతున్నానోయ్. ఊళ్లోవాళ్ల పాస్‌బుక్కులన్నీ కాపాడినవాణ్ని... నా డబ్బు చూసుకోవడానికి ఇంకొకరికి తాళంచెవి ఇస్తున్నా’ అన్నారు బాబాయ్. నవ్వుతూనే అన్నారు కానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అదీ అసలు సంగతి. రిటైరైనవాళ్లకు ల్యాప్‌టాప్ అంటే సరదా వస్తువు కాదు. తమ పని తాము చేసుకునే వీలు. కాబట్టి చూడాల్సింది ఏది చవక అనో, ఏది గొప్ప అనో కాదు. పక్కన ఎవరూ లేకుండా ఆయనొక్కరే ఏది వాడుకోగలరు? అదొక్కటే ప్రశ్న!

ముందు కాగితం... తర్వాతే కొట్టు!

మేం చేసిన మొదటి పని, ఓ తెల్లకాగితం తీసుకోవడం. ‘వారం రోజుల్లో దానితో ఏమేం చేస్తారో చెప్పండి బాబాయ్’ అన్నాను. బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాలు చూసుకోవడం. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు ఎక్సెల్లో వేయడం (కోశాధికారి ఆయనే మరి!). కూతురితో వీడియో కాల్. వార్తలు, పాత సినిమాలు. తెలుగులో ఉత్తరాలు. పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్. అంతే!

ఈ జాబితాలో ఒకదాన్ని అక్కడికక్కడే కొట్టేశాం. ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర మీట ఉన్న ల్యాప్‌టాపే కావాలని బాబాయ్‌కి ఎవరో చెప్పారట. అది పొరపాటు. ల్యాప్‌టాప్‌లో ఉండే వేలిముద్ర మీట తెర తెరుచుకోవడానికి మాత్రమే. ఆధార్‌తో సరిచూడాలంటే దానికి గుర్తింపు ఉన్న ప్రత్యేక పరికరం ఉండాలి. అదీ అక్కర్లేకుండా, 2021 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయం వచ్చింది. స్మార్ట్‌ఫోన్ చాలు. ఫోన్‌తో తీరే అవసరానికి ల్యాప్‌టాప్‌లో డబ్బు పోయడం ఎందుకు?

మిగిలినవన్నీ తేలిక పనులే. వీటిలో ఏదీ లక్ష రూపాయల యంత్రం అడగదు. అలాగని పంతొమ్మిది వేలదీ సరిపోదు. ఎందుకు సరిపోలేదో తెలియాలంటే మళ్లీ పోస్టాఫీసుకే వెళ్లాలి.

గుమాస్తా, బల్ల, బీరువా

ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్... ఈ మాటలు వినగానే చాలామంది పెద్దవాళ్లు చేతులెత్తేస్తారు. బాబాయ్‌కి ఇలా చెప్పాను. ప్రాసెసర్ అంటే కౌంటర్లో కూర్చున్న గుమాస్తా. ర్యామ్ అంటే ఆయన ముందున్న బల్ల. స్టోరేజ్ అంటే వెనకున్న బీరువా. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా బల్ల జానెడే ఉంటే? ఒక ఫైలు తీయడానికి ఇంకోటి బీరువాలో పెట్టాలి. క్యూ కదలదు!

పాత ల్యాప్‌టాప్‌లో జరిగింది అదే. బల్ల 4 జీబీ. విండోస్ తన సామాను పరుచుకున్నాక మిగిలేది కాస్తే. బ్రౌజర్లో నాలుగు పేజీలు తెరిస్తే అదీ నిండిపోతుంది. బీరువానా, 64 జీబీ. అందులో సగం దాకా విండోసే ఆక్రమిస్తుంది. కొత్త అప్‌డేట్ వస్తే పెట్టుకోవడానికి చోటుండదు. పైగా అది ఈఎంఎంసీ రకం. మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి తీసి పెద్దది వేసుకునే దారీ లేదు.

అందుకే ఇప్పుడు కొనేవాళ్లు 8 జీబీ ర్యామ్‌కి తగ్గకూడదు. ‘తర్వాత పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా?’ అని అడగాలి. కొన్ని మోడళ్లలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి ఉంటుంది. అలాంటిదైతే మొదటే 16 జీబీది తీసుకోవడం నయం. స్టోరేజ్ తప్పకుండా ఎస్ఎస్‌డీ అయి ఉండాలి. పాతకాలం హార్డ్‌డిస్కులో పళ్లెం తిరగాలి, దానిమీద ముల్లు కదలాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు. అందుకే అంత వేగం. ఇంటి వాడకానికి 256 జీబీతో సరిపెట్టుకోవచ్చు. ఫొటోలు ఎక్కువుంటే 512.

ఇక గుమాస్తా. ఇంటెల్ ఐ3, ఏఎండీ రైజెన్ 3 తరగతి చాలు. సెలెరాన్ లాంటివి చవకే కానీ, వీడియో కాల్ నడుస్తుండగా ఇంకో పని చెబితే ఆయాసపడతాయి. ఇక్కడో కిటుకు ఉంది. ‘ఐ7’ అనే స్టిక్కర్ చూసి మురిసిపోకూడదు. దాని తర్వాత అంకెలు చూడాలి. 8250 అంటే ఎనిమిదో తరం, 1215 అంటే పన్నెండో తరం. ఏనాటిదో ఐ7 కంటే కొత్త తరం ఐ3యే మీ పనికి చురుగ్గా ఉండొచ్చు. 2024 నుంచి వచ్చిన కొన్నిటి మీద ‘ఐ’ అనే అక్షరమే ఉండదు. కోర్ 3, కోర్ 5 అని ఉంటుంది. కంగారుపడక్కర్లేదు.

కళ్లకీ వేళ్లకీ నచ్చాలి

కుర్రాళ్లు ల్యాప్‌టాప్ కొంటే వేగం చూస్తారు. పెద్దవాళ్లు ముందు చూడాల్సింది తెర. బాబాయ్‌కి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అందుకే 15.6 అంగుళాల తెర అనుకున్నాం. అది ఫుల్ హెచ్‌డీ కావాలి. అంటే 1920 బై 1080. చవక రకాల్లో ఇంకా 1366 బై 768 తెరలు కనిపిస్తుంటాయి. వాటిలో అక్షరాల అంచులు గరుగ్గా ఉంటాయి. తెలుగు ఒత్తులు చదవాలంటే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది! ఐపీఎస్ రకమైతే పక్కనుంచి చూసినా బొమ్మ పాలిపోదు. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని కూతుర్ని చూడాలి కదా. కిటికీ వెలుతురు అద్దంలోలా మెరవకుండా యాంటీగ్లేర్ పూత ఉందో లేదో కూడా చూడాలి.

తర్వాత కీబోర్డు. బాబాయ్ యవ్వనంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కెళ్లి హయ్యర్ పాసైన మనిషి. ఆ వేళ్లకి మెత్తటి మీటలు ఆనవు. పైగా లెక్కలు వేయాలంటే కుడిపక్కన అంకెల మీటలు ఉండాల్సిందే. 14 అంగుళాల వాటిలో సాధారణంగా అవి ఉండవు. 15.6లో చాలావాటికి ఉంటాయి. అందుకే కొట్లో కూర్చుని బాబాయ్ ఓ పేరా టైపు కొట్టి మరీ చూశారు. సేల్స్ కుర్రాడు విస్తుపోయాడు!

తెలుగు మాటేమిటి? దానికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాషను జోడించుకుంటే చాలు.

షోరూములో మాటల గారడీ

కాగితం జేబులో పెట్టుకుని ఓ షోరూముకెళ్లాం. ‘అంకుల్, మీకిది కరెక్ట్’ అంటూ 72 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించాడు కుర్రాడు. కీబోర్డులో రంగురంగుల దీపాలు! బరువు రెండు కిలోల పైనే. విడిగా గ్రాఫిక్స్ కార్డు. ఆటలాడేవాళ్లకి అది ప్రాణం. అపార్ట్‌మెంట్ లెక్కలకి దాంతో పనేముంది? బాబాయ్ కాగితం తీసి చూపించారు. ‘ఇందులో ఏ పనికి బాబూ, ఆ కార్డు?’ కుర్రాడు నవ్వేసి వేరే బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

రెండోచోట ‘జీఎస్టీ తగ్గింది సార్, అందుకే ఈ రేటు’ అన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది పెద్ద టీవీలు, ఏసీల లాంటివాటికి. ల్యాప్‌టాప్‌లకు అంతకుముందూ 18 శాతమే, ఆ తర్వాతా 18 శాతమే!

ఇంకోచోట మూడు వేలు తక్కువకే ఇస్తామన్నారు. తీరా చూస్తే పెట్టె మీద ‘డాస్’ అని ఉంది. అంటే అందులో విండోస్ లేదన్నమాట. ‘మేమే వేసిస్తాం’ అన్నారు. అలా వేసేది దొంగ విండోస్ అయితే? దానిలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడమంటే దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే. వద్దని వచ్చేశాం.

చివరికి తీసుకున్నది 36,990 రూపాయలది. పన్నెండో తరం ఐ3, 8 జీబీ ర్యామ్‌తోపాటు ఓ ఖాళీ స్లాట్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, అసలైన విండోస్ 11. అయితే ఈ ధర పట్టుకుని కొట్టుకి వెళ్లకండి. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. రెండుమూడు చోట్ల కనుక్కోవడం మంచిది.

పాతదైతే?

బడ్జెట్ పాతికవేల లోపే అయితే, నాసిరకం కొత్తది కంటే మంచి పాతది మేలు. కార్పొరేట్ ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి బాగుచేసి అమ్ముతుంటారు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీలో ఇలాంటి కొట్లు చాలా ఉన్నాయి. గట్టి కీబోర్డు, గట్టి బాడీ వీటి ప్రత్యేకత. కానీ ఒక్క షరతు... ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో, ఆ పైదో కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అంతకన్నా పాతవాటిలో చాలావాటిని ఒప్పుకోదు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో, మూత కీళ్లు వదులయ్యాయో చూసుకోవాలి. కనీసం ఆర్నెల్ల వారంటీ రాయించుకోవాలి.

నెట్ చూడటం, వీడియో కాల్స్ తప్ప ఇంకేమీ అక్కర్లేనివాళ్లకు క్రోమ్‌బుక్ కూడా ఓ దారి. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అయితే ఆ పదేళ్లు లెక్కించేది మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కి ఆధారమైన ప్లాట్‌ఫామ్ బయటికొచ్చినప్పటి నుంచి. బాబాయ్‌కి అలవాటైన ఎక్సెల్ కావాలి కాబట్టి మేం అటు పోలేదు.

కొట్లో అడగాల్సినవి

* విండోస్ అసలైనదేనా? బిల్లులో ఉంటుందా?

* ఆఫీస్ సాఫ్ట్‌వేర్ శాశ్వతమా, ఏడాదికేనా? ఏడాదికే అయితే ఆ తర్వాత డబ్బు కట్టాలి. వద్దనుకుంటే లిబ్రెఆఫీస్ ఉచితం.

* పాడైతే ఇంటికొచ్చి చూస్తారా, మనమే మోసుకెళ్లాలా? సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా?

* మామూలు యూఎస్‌బీ రంధ్రాలు ఎన్ని? టీవీకి తగిలించడానికి హెచ్‌డీఎంఐ ఉందా?

* కెమెరాకి మూత ఉందా?

* ఇంట్లో పెళ్లి సీడీలు ఉన్నాయా? ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో వాటికి చోటు ఉండదు. డీవీడీ డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి.

మొదటిరోజు పనులు

ల్యాప్‌టాప్ కొనడంతో పని సగమే అయినట్టు. మిగతా సగం పిల్లల చేతుల్లో ఉంటుంది. చాలా ఇళ్లలో కొడుకో అల్లుడో తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చేస్తారు. ఆర్నెల్ల తర్వాత పాస్‌వర్డ్ అడిగితే పెద్దాయనకి తెలియదు, కొడుకు అమెరికాలో నిద్రపోతుంటాడు! అందుకే ఖాతా బాబాయ్ పేరునే, ఆయన నంబరుతోనే తెరిచాం. పాస్‌వర్డ్ ఆయనే పెట్టుకున్నారు. డైరీలో రాసి, ఆ డైరీని బీరువాలో పెట్టారు.

అక్షరాల సైజు 150 శాతానికి పెంచాం. గడువు తీరగానే డబ్బడిగే ట్రయల్ యాంటీవైరస్ తీసేశాం. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. తెరమీద ఐదే బొమ్మలు ఉంచాం. చివరిగా కీబోర్డు పక్కన ఓ చీటీ అంటించాం. ‘మీ కంప్యూటర్లో వైరస్ ఉందని ఫోన్ వస్తే పెట్టేయాలి. ఎవరు చెప్పినా యాప్ వేయకూడదు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్.’ అక్షరాలు బాబాయ్‌వే... పోస్టాఫీసు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా!

అన్నీ అయ్యాక బ్యాంకు పేజీ తెరిచారు. యూజర్ ఐడీ కొట్టారు. అక్కడ ఆగి, కళ్లజోడు పైనుంచి నావైపు చూశారు.

‘పాస్‌వర్డ్ కొడుతున్నానోయ్. కాస్త అటు తిరుగు!’

సంతోషంగా గోడవైపు తిరిగాను.