షాకులు, లావు టైర్లు, 21 గేర్లు: తక్కువ ఖర్చులో రోడ్డు సైకిలు – అపోహలు, వాస్తవాలు

కడప నుంచి పెండ్లిమర్రి మండలం మీదుగా వేంపల్లె, పులివెందుల వైపు వెళ్లేది తారురోడ్డు. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగులను కలిపేవీ తారురోడ్లే. ఈ దారుల మీద రోజూ ఇరవై, ముప్పై కిలోమీటర్లు తొక్కాలనుకునేవారికి కావలసింది తేలికైన ఫ్రేము, సన్నటి టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు ఉన్న రోడ్డు సైకిలు. అయినా పాతిక, ముప్పై వేలు పట్టుకుని షాపుకు వెళ్లినవారిలో చాలామంది ఇంటికి తెచ్చుకుంటున్నది వేరు: లావు టైర్లు, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు, రెండు డిస్కు బ్రేకులు, 21 గేర్లు ఉన్న బండబరువు సైకిలు. దీనంతటికీ మూలం ఒక్క మాట: ‘మన రోడ్లకు సన్న టైరు ఆగదు, షాకులు ఉంటేనే నిలబడుతుంది.’ ఈ మాట చేస్తున్న నష్టం కళ్లెదుటే ఉంది. మూడు నెలలు తొక్కి, ఆయాసపడి, విసుగొచ్చి మెట్ల కింద పడేసిన ‘గేర్ల సైకిలు’ ఏ ఊళ్లో చూసినా ఒకటైనా కనిపిస్తుంది. పిల్లవాడికి ఓపిక లేదని పెద్దలు అంటారు. అది పిల్లవాడి మీద వేయవలసిన నింద కాదు. తప్పు సైకిలుది, దాన్ని అంటగట్టిన మాటది.

ముందు బరువు సంగతి. రెండు వైపులా షాకులున్న చవక సైకిలు 16 నుంచి 18 కిలోలు తూగుతుంది. మొదటి మెట్టు రోడ్డు సైకిలు 11 కిలోల దగ్గర ఉంటుంది. తొక్కే మనిషి 70 కిలోలైతే మొత్తం బరువు ఒకచోట 88, మరోచోట 81. ఎక్కుడులో చేయవలసిన పని బరువును బట్టే పెరుగుతుంది కాబట్టి అదే మనిషి, అదే బలంతో, అదే గట్టు ఎక్కడానికి 8 శాతానికి పైగా ఎక్కువ సమయం పడుతుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎర్రమల కొండల మీదికి వెళ్లే 15 కిలోమీటర్ల దారిలో ఈ తేడాను కాళ్లే చెబుతాయి. చదును రోడ్డు మీద బరువు కన్నా గాలి ఎక్కువ ఆపుతుంది. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటిందంటే తొక్కేవాడి శ్రమలో సగానికి పైగా గాలిని చీల్చడానికే పోతుంది. నిటారుగా కూర్చోబెట్టే వెడల్పు హ్యాండిలు ఛాతీ మొత్తాన్ని ఆ గాలికి ఎదురు నిలుపుతుంది. వంపు హ్యాండిలు వల్ల ఛాతీ కిందికి వంగి, గాలికి తగిలే ఒళ్లు తగ్గుతుంది. ఆ వంపు షోకు కోసం పెట్టింది కాదు.

ఇక షాకులు. ఖరీదైన మౌంటెన్ సైకిలు ఫోర్కులో స్ప్రింగుతో పాటు దాని ఊపును అదుపు చేసే డ్యాంపరు ఉంటుంది. చవక ఫోర్కులో ఉండేది చాలావరకు ఉత్త స్ప్రింగు. దాన్ని పరీక్షించడానికి మెకానిక్కు అక్కర్లేదు. ఎక్కుడులో సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుతూ ఫోర్కు వంక చూస్తే చాలు. పెడలు నొక్కిన ప్రతిసారీ ముందు భాగం కిందికి దిగి పైకి లేస్తుంటుంది. చక్రానికి చేరవలసిన బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే ఖర్చయిపోతుంది. పైగా ఆ ఫోర్కు ఒక్కటే రెండు కిలోలకు పైగా బరువు. నల్లరేగడి దుమ్ము సీళ్లలోకి దూరి, ఒక వానాకాలం గడిచేసరికి అది సగం బిగుసుకుపోతుంది. వెనక షాకు దగ్గర బుష్షులు అరిగి చక్రం పక్కకు ఊగడం మొదలవుతుంది. వాటి విడి భాగాలు కడపలో వెతికినా దొరకడం కష్టం. ఇంత కష్టపెట్టే ఈ ఇనుము తారురోడ్డు మీద చేసే మేలు దాదాపు ఏమీ లేదు.

గతుకులను మింగే పని టైరులోని గాలిది. ఒకప్పుడు అంతర్జాతీయ పోటీల్లో 23 ఎంఎం టైర్లే వాడేవారు. ఆ తర్వాత 25కు, ఇప్పుడు 28కి, అంతకన్నా వెడల్పుకూ మారారు. గరుకు రోడ్డు మీద గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ అదురు ఒంటికి ఎక్కి శక్తి వృథా అవుతుంది. కాస్త వెడల్పు టైరు, కాస్త తక్కువ గాలి ఉంటే వేగం తగ్గదు, ఒళ్లూ నొప్పి పుట్టదు. కంకర తేలిన మన తారురోడ్లకు సరిపోయేది 28 లేదా 32 ఎంఎం. 70 కిలోల మనిషికి 28 ఎంఎం టైరులో 80 పీఎస్ఐ, 32లో 60కి కాస్త అటూఇటూ గాలి చాలు. కాబట్టి కొనే ముందు అడగవలసింది షాకుల గురించి కాదు, ఆ ఫ్రేములో, బ్రేకుల మధ్యలో 32 ఎంఎం టైరు పడుతుందా అని. కొన్ని పాత మోడళ్లలో 25 దాటితే టైరు ఫ్రేముకు రాసుకుంటుంది. అలాంటిది ఎంత చవకగా వచ్చినా ఇక్కడి దారులకు కొనకూడదు.

‘సన్న టైరైతే రోజూ పంక్చరే’ అనేది దీనికి తోక మాట. పల్లేరు కాయకు, కంపముల్లుకు టైరు లావుతో పని లేదు. ఆపేది రబ్బరు మందం, లోపల వేసిన పంక్చరు నిరోధక పొర. ఒకే వారంలో మూడుసార్లు పంక్చరైతే తప్పు సాధారణంగా టైరుది కాదు, ముల్లు తీయకుండా ట్యూబు మార్చిన చేతిది. ట్యూబు విప్పాక టైరు లోపలి వైపు చుట్టూ ఒక పాత నూలుగుడ్డతో తుడవాలి. విరిగి రబ్బరులోనే దాక్కున్న ముల్లుమొన, లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఇనుప తీగ గుడ్డకు చిక్కుకుంటాయి. వాటిని పటకారుతో బయటి నుంచి లాగేయాలి. నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తిరిగే ఎర్రగుంట్ల వైపు రోడ్డు అంచున తొక్కేవారికి ఇది మరీ అవసరం.

ఎండ గురించిన భయం కూడా సన్న టైరు మీదికే మళ్లింది. కడప ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని, అందుకే వేసవిలో సగం గాలే పెట్టాలని చెప్పేవారున్నారు. పొద్దున 27 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం 47 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 86 దాకా పెరుగుతుంది, అంతే. చాలా రోడ్డు టైర్లు అంతకన్నా బాగా ఎక్కువే తట్టుకుంటాయి, ఆ అంకె టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఎండలో గంటల తరబడి నిలబెడితే పాత అతుకులు ఊడవచ్చు, అది వేరే సంగతి. సగం గాలి పెట్టడమే అసలు ప్రమాదం. గుంత అంచుకు తగలగానే ట్యూబు రిమ్ముకు, రోడ్డుకు మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంక్చరు వేసేటప్పుడు అలా జంట చిల్లులు కనిపిస్తే గాలి తక్కువైందని అర్థం.

21 గేర్లు 16 కన్నా మేలని నమ్మడం లెక్క చూడకపోవడమే. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాలు ఉన్న సైకిలులో 42కు 24, 34కు 20, 24కు 14 – ఈ మూడు జతలూ ఇచ్చేది ఒకటే వేగం, మూడింటి నిష్పత్తీ 1.7 దగ్గరే. చైను ఏటవాలుగా పడే గేర్లను ఎలాగూ వాడకూడదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది పన్నెండుకు అటూఇటూ. ముందు 50, 34, వెనక 11 నుంచి 32 ఉన్న 16 గేర్ల రోడ్డు సైకిలు దిగుడులో అంతకన్నా బాగా వేగంగా పోతుంది. ఎక్కుడులో 34కు 32 వేసి నిమిషానికి 60 తిప్పులు తొక్కితే గంటకు 8 కిలోమీటర్లతో నింపాదిగా కొండెక్కవచ్చు. చూడవలసింది గేర్ల సంఖ్య కాదు, వాటి తరగతి. గేర్లు తయారుచేసే షిమానోలో టూర్నీకి వెనక ఏడు, క్లారిస్‌కు ఎనిమిది, సోరాకు తొమ్మిది, టియాగ్రాకు పది చక్రాలు. తక్కువ డబ్బులో సరైన చోటు క్లారిస్. ఏడు చక్రాల చవక సైకిళ్లలో ఎక్కువగా మరతో బిగించే ఫ్రీవీలు ఉంటుంది. అక్కడ ఇరుసుకు ఆసరా లోపలికి జరిగి ఉండటం వల్ల గతుకుల దెబ్బకు వంగిపోవడం, విరగడం మామూలు. ఎనిమిది చక్రాల క్యాసెట్ హబ్బులో బేరింగు చివరికంటా ఉంటుంది, ఇరుసు నిలబడుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా ఆ తేడాకు పెట్టడం దండగ కాదు.

మిగతా మాటలు ఒక్కో వాక్యంతో తేలిపోయేవి. డిస్కు ఉంటేనే బండి ఆగుతుందనడం తప్పు, పొడి రోడ్డు మీద మంచి రబ్బరు దిమ్మెలున్న రిమ్ము బ్రేకు టైరు పట్టు ఉన్నంత మేరా ఆపుతుంది. వంగి తొక్కితే నడుము పోతుందనేది సైజు కుదరని సైకిలు కొన్నవారి అనుభవం. మోకాళ్లు అరుగుతాయన్న భయానికి మందు సీటు ఎత్తు సరిచేయడం. సన్న సీటు మగతనాన్ని చెడగొడుతుందన్నది గట్టిగా రుజువు కాని మాట, తిమ్మిరి పడితే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సమం చేయాలి. కార్బన్ కాకపోతే రోడ్డు సైకిలే కాదనేవారి కోసం ఒక లెక్క: కార్బన్ మిగిల్చే ఒక కిలో వల్ల అరగంట ఎక్కుడులో కలిసొచ్చేది 20 సెకన్ల పైచిలుకు. హైదరాబాదు, బెంగళూరుల్లో జరిగే ‘బ్రెవెట్’ అనే దూరపు సవారీల్లో 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు, అంటే ఆగే సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల సగటు కూడా అక్కర్లేదు. దానికి అల్యూమినియం ఫ్రేము, స్టీలు ఫ్రేము ధారాళంగా చాలు.

ఒక్క మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ‘రోడ్డు సైకిలుకు మన ఊళ్లో రిపేరు దొరకదు’ అంటారు. ఇందులో నిజం ఉంది. పెండ్లిమర్రి లాంటి ఊళ్లో పంక్చరు షాపులో ఉండేది పాతకాలపు నల్ల సైకిలు సామాను. ఆ సైకిలు టైరూ 28 అంగుళాలనే అంటారు, కానీ దాని రిమ్ము కొలత 635 ఎంఎం, రోడ్డు సైకిలుది 622. ఒకదాని టైరు మరోదానికి ఎక్కదు. సన్నటి ప్రెస్టా వాల్వుకు షాపు పంపు మూతి పట్టదు. అంతమాత్రాన సైకిలు మానుకోనక్కర్లేదు, సామాను ముందే తెచ్చుకుంటే సరిపోతుంది. రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు, వాల్వుకు తొడిగే ఇత్తడి అడాప్టరు, గేరు తీగ ఒకటి, బ్రేకు తీగ ఒకటి సీటు కింద సంచిలో పడతాయి. ట్యూబు, టైరు కొనేటప్పుడు అంగుళాల మాట వదిలేసి టైరు పక్కన ఉండే 28-622 లాంటి అంకె చెప్పాలి. స్పోకు బిగించడం, రిమ్ము బెండు తీయడం మాత్రం పాత మేస్త్రీకి బాగా వచ్చిన పనే, ఆ పనికి పట్నం పోనక్కర్లేదు. ఇంటి నుంచి పొలానికి మూడు కిలోమీటర్లు, క్యారియరు మీద గడ్డిమోపు వేసుకుని వెళ్లేవారికైతే నల్ల సైకిలును మించింది లేదు.

సైజు కుదరకపోతే పైన చెప్పినవన్నీ వృథా. సీటు పైకీ కిందికీ జరిపి ఏ సైజునైనా సరిపెట్టుకోవచ్చని షాపువారు చెప్పే మాట నమ్మకూడదు. సీటుకు హ్యాండిలుకు మధ్య దూరం చాలావరకు ఫ్రేముతోనే నిర్ణయమవుతుంది. వట్టి కాళ్లతో గోడకు ఆనుకుని నిలబడి, గజ్జల్లోకి ఒక గట్టి అట్ట పుస్తకాన్ని బిగుతుగా పెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. ఆ కొలతను 0.883తో హెచ్చవేస్తే పెడళ్ల క్రాంకులు తిరిగే ఇరుసు నడుమ నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు దాదాపుగా వస్తుంది. 80 సెంటీమీటర్ల కాలుకు అది 70.6. ఈ ఎత్తులో కూర్చుని, మోచేతులు కాస్త వంచి, బ్రేకు పట్టీల మీద చేతులు హాయిగా నిలవాలి. చేతులు చాచి అందుకోవలసివస్తే ఒక సైజు తగ్గించాలి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే మేలు, హ్యాండిలును కాస్త దూరం జరపడం తేలిక, దగ్గరికి తేవడం కష్టం.

చేతిలో 30 వేలు ఉంటే మొత్తం సైకిలుకే పెట్టకూడదు. అయిదో వంతు హెల్మెట్టుకు, ముందు తెల్ల లైటుకు, వెనక ఎర్ర లైటుకు, పైన చెప్పిన సామానుకు ఉంచాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై, వాటి భాగాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 20 వేలున్న సైకిలు 22,400 నుంచి 21,000కు రావాలి. బిల్లులో ఆ అంకె చూసుకోవాలి.

కొత్తదానికి డబ్బు చాలనివారికి పాతదే మంచి దారి. బెంగళూరు, హైదరాబాదుల్లో మోజుతో కొని నాలుగు నెలలకే అమ్మేసే రోడ్డు సైకిళ్లు చాలా ఉంటాయి. వాటిని చూడటానికి పగటి వెలుగు, ఒక స్టీలు స్కేలు చాలు. హ్యాండిలు కింద ఫ్రేము గొట్టాలు కలిసేచోట రంగు పగిలి సన్నటి గీత కనిపిస్తే వెంటనే వద్దనాలి, అది ఫ్రేము పగులు కావచ్చు. చక్రాన్ని గాలిలో తిప్పి బ్రేకు దిమ్మెకూ రిమ్ముకూ మధ్య సందు ఒకేలా ఉందేమో చూడాలి. తర్వాత చైను మీద స్కేలు ఆనించి, ఒక పిన్ను నడుమ నుంచి 12 అంగుళాలు కొలవాలి. కొత్త చైనులో 12 దగ్గర సరిగ్గా మరో పిన్ను ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే చైనుతో పాటు వెనక క్యాసెట్ కూడా అరిగినట్టే, ఆ రెండింటి ఖరీదు బేరంలో తగ్గించుకోవాలి. కొత్త సైకిలైతే మొదటి నెల తొక్కాక తీగలు సాగుతాయి, స్పోకులు వదులవుతాయి. అప్పుడొకసారి బిగింపు చేయించుకుంటే ఆ తర్వాత చాలాకాలం మేస్త్రీ అవసరం రాదు.