అబెట్ అంటే ఉత్త సహాయమేనా?

చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, చింతామణి పల్లెలలో ఇంటిమాట తెలుగు, ఠాణా కాగితం కన్నడం, పెద్ద కోర్టుల భాష ఇంగ్లీషు. అందువలన "అబెట్" అనే చట్టపు పదం మూడు చేతులు మారి మనదాకా వచ్చేసరికి ఉత్త "సహాయం"గా మిగులుతున్నది.

హెల్ప్ మంచికీ చెడుకూ చెల్లుతుంది. అబెట్ నేరం మాటే. పాత ఫ్రెంచిలో దాని మూలార్థం కుక్కను ఉసిగొల్పడం. మన "ఉసిగొల్పు" కూడ అదే కదా! కన్నడ కాగితాలలో దీనిని "దుష్ప్రేరణె" అంటారు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షను ప్రకారం నేరానికి పురికొల్పినా, కుట్రలో చేరినా, తెలిసి తోడ్పడినా దుష్ప్రేరణే. "తెలిసి" అన్నదే ఇక్కడ ప్రాణం. అడిగినవానికి బండి ఇవ్వడం నేరం కాదు. దొంగసరుకు తోలడానికని ఎరిగి ఇస్తే నేరమే.

"అకంప్లిస్" నేరంలో పాలుపంచుకున్నవాడు. నేరం జరిగిన పిదప నేరస్థుని దాచడం "హార్బరింగ్", 249వ సెక్షను. ఇందులో భార్యాభర్తలకు మాత్రమే మినహాయింపు; తమ్మునికి, బావమరిదికి లేదు.

మన ఇండ్లలో ఈ పదం తగిలేది పెండ్లిపందిట్లో. పెండ్లికూతురికి 18, పెండ్లికొడుకుకు 21 ఏండ్లు నిండకుంటే, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 10వ సెక్షను క్రింద పెండ్లి జరిపించినవారికేగాక దుష్ప్రేరకులకూ రెండేండ్ల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇది కేంద్రచట్టం, ఎల్ల దాటి హిందూపురంలో ముడివేయించినా తప్పదు. అది బాల్యవివాహం కాదని నమ్మడానికి తగిన కారణం చూపగలిగినవారికే విడుదల. పురోహితుడు బడి సర్టిఫికెట్ అడగడంలోని ఆంతర్యమదే.