పిరమిడ్లతోనే సరిపెట్టేస్తే ఎలా?

ఈజిప్టు ప్రయాణం అనుకోగానే మావారు కైరోకి నాలుగు రోజులు, అలెగ్జాండ్రియాకి రెండు రోజులు రాసేశారు. "పిరమిడ్లు చూశాక ఇంకేముంటుందోయ్?" అని పైగా! ఆరేళ్లు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బాయె, నేనూ పట్టు విడవలేదు.

గిజా పిరమిడ్లకీ, వాటి దగ్గర్లో 2025 నవంబరులో ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికీ కలిపి రెండు రోజులు చాలు. టుటన్‌ఖామున్ నిధి అక్కడే ఉంది. రాజుల మమ్మీలు మాత్రం అక్కడ వెతక్కండి. 2021లో వాటిని కైరోలోనే మరో మ్యూజియానికి తరలించారు.

నా మనసంతా దక్షిణాన ఉంది. కైరోలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి లక్సర్. నైలు దాటి పడమటి గట్టుకి వెళితే కొండ కింద మూడంతస్తుల గుడి. కట్టించింది హత్‌షెప్సుత్, ఫారోగా రాజ్యమేలిన మహిళ. శిల్పాల్లో ఫారోల పెట్టుడు గడ్డంతో కూడా కనిపిస్తుంది! ఆవిడ పోయాక విగ్రహాలు పగలగొట్టారు, పేరు చెక్కేశారు. గుడి నిలిచింది.

అస్వాన్ దాటి 280 కిలోమీటర్లు పోతే అబూ సింబెల్. ఫారోల విగ్రహాల పక్కన రాణులు మామూలుగా మోకాలి ఎత్తే! ఇక్కడి చిన్నగుడి ముందు మాత్రం నెఫెర్తారి, భర్త రామ్సెస్‌తో సమానంగా నిలబడింది. ఆనకట్ట నీళ్లలో మునగకుండా 1964-68 మధ్య ఈ గుళ్లను ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి చేర్చారు. సాగర్ కట్టినప్పుడు మన నాగార్జునకొండ శిథిలాలను తరలించలేదూ, అలాగన్నమాట.

వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి జనవరి ఖాయం చేశాం. తిండి బెంగ లేదు. అన్నం, మసూరుపప్పు, మాకరోనీ కలిపిన కొషరి శాకాహారమే.

అలెగ్జాండ్రియా కొట్టేశాం. లక్సర్‌లో ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా నైలు గట్టున కూర్చుందామంటున్నాను. అదింకా తేలలేదు!