సర్వెంట్ లీడర్ అంటే అందరి పనీ మనమే చేసిపెట్టడమా?

ఈ ఎపిసోడ్‌లో డెఫినిషన్ కంటే ముందు నా తప్పు ఒకటి చెప్తా.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట నన్ను ఏడుగురు ఉన్న టీమ్‌కి స్క్రమ్ మాస్టర్‌ని చేశారు. అప్పటిదాకా నేను చూసిన లీడ్స్ అందరూ "ఎంత పర్సెంట్ అయ్యింది?" అని అడిగే బాపతే. నేను అలా ఉండకూడదు, సర్వెంట్ లీడర్‌ని అవ్వాలి అని గట్టిగా ఫిక్స్ అయ్యా. టీమ్‌లో అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. రోజూ స్టాండప్‌లో "చేస్తున్నా అన్నా" అనేవాడు, పని మాత్రం కదిలేది కాదు. పాపం అనిపించి, వాడు లాగౌట్ అయ్యాక రాత్రిపూట నేనే వాడి కోడ్ సరిచేసి పుష్ చేసేవాడిని. నాలుగు నెలలు ఇదే కథ. పైగా నేనెంత మంచి లీడర్‌నో అని లోపల ఒక గర్వం కూడా.

తర్వాత మా అక్క పెళ్లికి వారం రోజులు లీవ్ పెట్టి ఖమ్మం వెళ్లా. రాత్రి పదకొండున్నర, సరిగ్గా జీలకర్ర-బెల్లం టైమ్‌కి ఫోన్. రిలీజ్ వెళ్లింది, పేమెంట్ రిపోర్ట్ పేజీ తెరుచుకోవట్లేదు. "అన్నా, ఏం ముట్టుకోవాలో తెలీట్లేదు" అంటున్నాడు. లాగ్ ఫైల్ ఎక్కడుంటుందో కూడా వాడికి తెలీదు. ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ నేనే కదా చూసింది! ఆ నెలలోనే వాడి ప్రొబేషన్ అయిపోవాలి. కన్ఫర్మ్ చేయలేదు, ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆ లెటర్ మీద వాడి పేరు ఉంది కానీ, తప్పు నాది.

ఇప్పుడు ఈ మాట ఎక్కడిదో చూద్దాం. రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే ఆయన అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీలో 1926 నుంచి 1964 దాకా పనిచేశారు. రిటైరయ్యాక 1970లో ఒక వ్యాసం రాశారు, సర్వెంట్ లీడర్‌షిప్ అన్న మాట దాంతోనే బయటికొచ్చింది. ఆయనకి ఆ ఆలోచన ఇచ్చింది ఒక నవల అంట: హెర్మన్ హెస్సే రాసిన 'జర్నీ టు ది ఈస్ట్'. అందులో లియో అనే పనివాడు యాత్రికుల సామాను మోస్తూ, అందరినీ చూసుకుంటూ ఉంటాడు. ఒకరోజు వాడు మాయమవుతాడు, గుంపు చెల్లాచెదురవుతుంది. ఆ సంఘానికి అసలు పెద్ద ఆ లియోనే అని చాలా కాలం తర్వాత తెలుస్తుంది.

మనకి 'సేవకుడు' అనగానే ఎలక్షన్ ఫ్లెక్సీలు గుర్తొస్తాయి, దండం పెడుతూ "మీ సేవకుడు" అని. అందుకే నేను ఆ పదం వాడట్లేదు లెండి.

గ్రీన్‌లీఫ్ ఒక పరీక్ష కూడా పెట్టారు. లీడర్ ఎంత కష్టపడ్డాడన్నది అందులో లెక్క కాదు. ఎవరికి సేవ చేశాడో వాళ్లు ఎదిగారా? ముందుకంటే తెలివిగా, సొంతంగా నిలబడగలుగుతున్నారా? ఇది చదివిన రోజు నాకు ముఖం మీద కొట్టినట్టయింది. నేను రాత్రుళ్లు మేలుకున్నది నిజమే, వాడు అంగుళం ఎదగలేదన్నదీ నిజమే.

స్క్రమ్ గైడ్‌లో కూడా ఇదే గొడవ కనిపిస్తుంది. 2017 వెర్షన్‌లో స్క్రమ్ మాస్టర్‌ని సర్వెంట్ లీడర్ అన్నారు. 2020 నవంబర్ వెర్షన్‌లో ఆ మాట తీసేసి, టీమ్‌కీ సంస్థకీ సేవ చేసే నిజమైన లీడర్లు అని మార్చారు. నా లెక్కలో మంచి మార్పే. ముందు మాటని చాలామంది, నాతో సహా, కాఫీలు తెచ్చేవాడు, మీటింగ్ ఇన్వైట్లు పంపేవాడు అని అర్థం చేసుకున్నాం. ఇంకొందరు పదిహేను నిమిషాల డైలీ స్క్రమ్‌ని హాజరు పట్టీ చేసేశారు. ఆ పదిహేను నిమిషాలు డెవలపర్లు ఇవాళ్టి పని తమలో తాము ప్లాన్ చేసుకోడానికి, లీడ్‌కి రిపోర్ట్ ఇవ్వడానికి కాదు.

మరి లీడ్ పని ఏంటి? ఉదాహరణకి, డేటాబేస్ యాక్సెస్ కోసం పెట్టిన టికెట్ వేరే టీమ్ దగ్గర వారం నుంచి పడుంది. ఫ్రెషర్ పది మెయిల్స్ పెట్టినా కదలదు. వెళ్లి కదిలించాల్సింది లీడ్. స్ప్రింట్ మధ్యలో క్లయింట్ "ఇదొక్కటి కూడా వేసేయండి" అంటే, కుదరదని ముఖం మీద చెప్పాల్సిందీ లీడే. ఇక్కడ వినయంగా తలూపితే శనివారం పోయేది టీమ్‌ది. కానీ క్వెరీ ఎందుకు స్లోగా ఉందో కనుక్కోవడం మాత్రం ఆ అబ్బాయి పని. దాన్ని లాక్కుంటే వాడి జీతానికి కాదు, వాడి నేర్పుకి గండి కొట్టినట్టు.

ఒకటి ఒప్పుకోవాలి. ఇలా పనిచేస్తే అప్రైజల్‌లో మీరు కనపడకపోవచ్చు. రాత్రి రెండింటికి సమస్య తీర్చిన హీరో కనిపిస్తాడు. సమస్య రాకుండా చూసినవాడు కనిపించడు. నాకూ ఆ ఏడాది రేటింగ్ తగ్గింది, బాధేసింది కూడా.

లీవ్ నుంచి వచ్చాక ఆ అబ్బాయికి సారీ చెప్పా. రిపోర్ట్ పేజీ మళ్లీ మొరాయించిన రోజు వాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా, కీబోర్డ్ ముట్టుకోలేదు. టేబుల్‌కి ఒక ఇండెక్స్ లేదు, అంతే. నాకైతే పది నిమిషాలు. వాడికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నేను చేసిందల్లా రెండుసార్లు టీ తేవడం, ఒకసారి క్లయింట్ కాల్ ఎత్తి "ఇంకో గంట పడుతుంది" అని చెప్పడం.