కోట్ల కారు: అమ్ముకోవడానికా, నడుపుకోవడానికా?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు కారులో వెళ్తే ఇంధనానికి మూడు, నాలుగు వందలు అవుతుంది. అదే దూరం 4 కోట్ల సూపర్‌కారులో వెళ్తే? పెట్రోలు సంగతి పక్కన పెట్టండి. కారు విలువలో తరిగేదే లక్ష రూపాయల దాకా ఉంటుంది. ఆ లెక్క కింద చెప్తాను.

ఈ విషయం రాయడానికి కారణం మన ఇళ్లలో కుర్రాళ్లు. ఫోన్‌లో దుబాయ్ రీల్స్ చూసి "సూపర్‌కారు బంగారం లాంటిది, కొని పెట్టుకుంటే రేటు పెరుగుతుంది" అని వాదిస్తున్నారు. ఏలూరులో ఫెరారీ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారులే అని కొట్టిపారేయొచ్చు. కానీ అదే మాట పట్టుకుని 12, 15 లక్షలకు పాత జర్మన్ లగ్జరీ కారు తెచ్చుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు. కొత్తలో 50 లక్షల కారు ఇప్పుడు 14 లక్షలకే వస్తోందంటే లాభమే కదా అనుకుంటారు. 36 లక్షలు ఎక్కడికి పోయాయని మాత్రం అడగరు.

ఇన్సూరెన్స్ కంపెనీలు కారు విలువ లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని ఐడీవీ అంటారు. ఆరు నెలలు దాటితే షోరూం ధరలో 15 శాతం తగ్గిస్తారు. ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50. అంటే 4 కోట్ల కారు ఐదో ఏడు వచ్చేసరికి కాగితం మీద 2 కోట్లు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 40 లక్షలు పోయినట్టు. ఇలాంటి బండి మన రోడ్ల మీద ఏడాదికి 2 వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. కిలోమీటరుకు 2 వేల రూపాయలు, గూడెం వెళ్లేసరికి లక్ష. బజారు రేటు ఈ పట్టిక ప్రకారమే ఉండాలని లేదు, మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కట్టిన లైఫ్ ట్యాక్స్ ఈ లెక్కలో లేనేలేదు.

మన దేశంలో ఈ కార్ల కథ ఇంకాస్త వేరు. పూర్తిగా తయారై విదేశం నుంచి దిగే ఖరీదైన కారు మీద 70 శాతం కస్టమ్స్ సుంకం, దానిపైన 40 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్ పడతాయి. 100 రూపాయల సరుకు 210 అవుతుంది. ఆ 210 మీద 40 శాతం జీఎస్టీ కలిపితే 294. డీలరు లాభం, రిజిస్ట్రేషన్ ఆ తర్వాత. మనం కట్టే డబ్బులో కారు మూడో వంతే, మిగతాదంతా పన్ను. సర్కారు ఎప్పుడు పన్ను తగ్గిస్తే అప్పుడు మన పాత కారు రేటు కూడా కిందికి జారుతుంది. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో, కోటా మేరకు అక్కడి కార్ల మీద సుంకాన్ని 10 శాతానికి తెచ్చే ఏర్పాటు ఉంది. ఆ రేటుకు కొత్తవి దిగితే, పాత సుంకం కట్టి కొన్నవాళ్ల బండికి అంత ధర ఎవరిస్తారు?

చిన్న కార్ల విషయంలోనూ ఇదే జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఆ ముందు నెలలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లను అడిగితే బాధ చెప్తారు.

మరి రేటు పెరిగే కార్లు లేవా అంటే ఉన్నాయి. ఫెరారీ 250 జీటీఓ అనే మోడల్ 1962 నుంచి 1964 దాకా తయారైంది 36 మాత్రమే. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. మెక్‌లారెన్ ఎఫ్1 కూడా అన్నీ కలిపి 106 బండ్లే. ఇక్కడ ధర పెంచేది ఇంజిన్ బలం కాదు, దొరక్కపోవడం. ఏటా వేలల్లో తయారయ్యే మోడల్‌కు ఆ యోగం లేదు, మీద ఏ బొమ్మ ఉన్నా సరే. రీల్స్‌లో చూపించేది ఆ 36, ఆ 106. కుర్రాళ్లు లెక్కేసుకునేది మిగతావాటికి.

మిస్టర్ బీన్ గుర్తున్నాడు కదా, రోవాన్ ఆట్కిన్సన్. ఆయన 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 ఒకటి 5 లక్షల 40 వేల పౌండ్లకు కొన్నాడు. షెడ్డులో గుడ్డ కప్పి దాచలేదు. పిల్లల్ని స్కూలుకి దింపడానికి కూడా వాడాడని చెప్తారు. మొత్తం 41 వేల మైళ్లు నడిపాడు. రెండుసార్లు యాక్సిడెంట్ చేశాడు. 2011లో చెట్టుకు గుద్దినప్పుడు రిపేరుకే ఇన్సూరెన్స్ కంపెనీ 9 లక్షల 10 వేల పౌండ్లు కట్టింది, అంటే కారు కొన్న ధర కంటే ఎక్కువ. 2015లో దాన్ని దాదాపు 80 లక్షల పౌండ్లకు అమ్మేశాడు. నడపడానికి కొన్నవాడికి లాభం కూడా వచ్చింది. అలాంటి అదృష్టం 106 మందికి మించి రాదు, అది వేరే మాట.

దీనికి పూర్తిగా ఎదురు కథ మన హైదరాబాద్‌లో ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆర్డర్ ఇచ్చారు. అది చేతికి రాకముందే 1911లో ఆయన ఇంతకాలం చేశారు. పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి సీటు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఊరేగింపులకే తీసేవారు. 35 ఏళ్లలో అది తిరిగింది 356 మైళ్లే అంటారు. మన లెక్కలో 573 కిలోమీటర్లు, ఏలూరు నుంచి గూడెంకి ఐదారుసార్లు వెళ్లొచ్చినంత. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు చూపించండి.

కారు నిలబెడితే పాడవదనుకోవడం కూడా పొరపాటే. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి గట్టిపడతాయి, రబ్బరు సీళ్లు ఎండుతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. కొల్లేరు పక్క ఊళ్ల గాలిలో తేమ ఎక్కువ, ఎలుకలు వైర్లు కొరకడం అదనం.

షౌక్, జకాత్

షౌక్ తప్పని ఎవరూ అనరు. ఫజర్ తర్వాత ట్రాఫిక్ లేని హైవే మీద మంచి ఇంజిన్ ఉన్న బండి నడపడంలో హాయి వేరు, అది నడిపినవాళ్లకే తెలుస్తుంది. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే చూసిన ప్రతి కుర్రాడికీ కాలు యాక్సిలరేటర్ మీదకు పోతుంది. కానీ షౌక్‌కి అయ్యే ఖర్చును పెట్టుబడి అని పేరు మార్చుకున్నప్పుడే ఇల్లు మునుగుతుంది.

మన దీనీ లెక్కల్లో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. సొంతానికి వాడుకునే కారు ఎంత ఖరీదైనదైనా దాని మీద జకాత్ లేదు. అమ్మి లాభం చేసుకోవాలనే నియ్యత్‌తోనే కొంటే అది మాల్-ఎ-తిజారత్, అంటే వ్యాపార సరుకు. అప్పుడు ఏడాది తిరిగేసరికి ఉన్న మార్కెట్ ధర మీద రెండున్నర శాతం తీయాలి. 4 కోట్లకు 10 లక్షలు. "ఇన్వెస్ట్‌మెంట్ బాబాయ్" అనే అబ్బాయిని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, వెంటనే "లేదు లేదు, నడుపుకోవడానికే" అంటాడు. మీ సొంత విషయంలో సందేహం ఉంటే దగ్గర్లోని ముఫ్తీ సాహెబ్‌ను అడగండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు "అక్కడ చవక, తెచ్చేస్తా" అంటుంటారు. కుదరదు. మన దేశంలోకి తెచ్చే పాత కారు మూడేళ్లు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. గల్ఫ్ బండ్లకు ఎడమవైపు ఉంటుంది. అక్కడితో కథ అయిపోయింది.

నీళ్లలో మునిగిన బండి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగాయి. ఆ బుడమేరు నీళ్లు చివరికి వచ్చేది మన కొల్లేరులోకే. నీళ్లతో పాటు ఇంకొకటి కూడా మన వైపు వచ్చింది: మునిగిన కార్లు. ఇన్సూరెన్స్ వాళ్లు తుక్కు కింద తీసేసిన బండ్లను చవగ్గా కొని, కడిగి, పాలిష్ చేసి మళ్లీ అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

మా ఖాలా కొడుకు 2025లో ఇలాగే ఇరుక్కున్నాడు. ఎనిమిదేళ్ల జర్మన్ కారు, 14 లక్షలు. వాళ్ల నాన్న కువైట్‌లో సంపాదించిన డబ్బు, చెల్లెలి పెళ్లికని ఉంచింది. అమ్మిన కన్సల్టెన్సీ వాళ్లు "ఫస్ట్ ఓనర్, షోరూం ట్రాక్" అన్నారు. రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత ఒక్కో లైటూ వెలగడం, గేరు పడకపోవడం మొదలైంది. మెకానిక్ కార్పెట్ లేపితే కింద ఎండిన ఒండ్రు. రిపేరుకి నాలుగున్నర లక్షలు చెప్పారు. చేయించకుండానే 6 లక్షలకు వదిలించుకున్నాడు. పెళ్లి ఆరు నెలలు వాయిదా పడింది. ఆ ఆరు నెలలు మా ఖాలా అతనితో సరిగా మాట్లాడలేదు.

మీరు చూడబోయే బండి సూపర్‌కారైనా, ఆల్టో అయినా, సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే ఆ బండి మునిగిందన్నమాట. స్టెప్నీ గుంతలో, సీటు కింద పట్టాల బోల్టుల మీద తుప్పు చూడండి. హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టిందా, ఏసీ వేయగానే ముక్క వాసన వస్తోందా గమనించండి. పాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడిగి, క్లెయిమ్ ఎప్పుడైనా పెట్టారా కనుక్కోండి. ఢిల్లీ, హర్యానా బండి అయితే ఎన్‌ఓసీ చూసి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ఆర్టీఓ ఆఫీసులో అడిగాకే బేరం మొదలుపెట్టండి. డబ్బు ఇచ్చే రోజే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35 కూడా.

వానాకాలంలో చినఎడ్లగాడి, పెదఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకు నీళ్లు ఎక్కుతాయి. నేలకు జానెడు ఎత్తు కూడా లేని బండితో అటు వెళ్లొద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, సిలిండర్లలోకి నీళ్లు పోయి ఇంజినే విరుగుతుంది. మామూలు పాలసీలో చాలాసార్లు దానికి డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉందో లేదో ఈ వానలకు ముందే మీ పాలసీ తీసి చూసుకోండి.