విజయనగరం ఖజానా నా చేతిలో

స్వీడన్ దేశంలో స్టాక్‌హోమ్ నగరంలో పారడాక్స్ అనే కంపెనీ ఉంది. రాజ్యభారాన్ని తీసుకొచ్చి మన నెత్తిన పెట్టే కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం వాళ్ళ పని. వాటిలో ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనేది 2013లో వచ్చింది. పేరుకి నోరు తిరగదు కనుక మా ఇంట్లో దాన్ని ‘రాజ్యాల ఆట’ అంటున్నాం. పూనాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దీపావళికి మదురై వచ్చినప్పుడు దాన్ని నా కంప్యూటర్లో పెట్టి వెళ్ళాడు.

ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. ఆ ముందురోజే వర్నా యుద్ధంలో తురుష్క సుల్తాను చేతిలో క్రైస్తవ సేనలు ఓడిపోయాయి. యూరప్ వాళ్ళకది పెద్ద మలుపు. కాని పటాన్ని కాస్త తూర్పుకి జరిపితే, అదే రోజున మన విజయనగరం కనబడుతుంది. చరిత్ర ప్రకారం అప్పుడు హంపీలో ఉన్నది రెండవ దేవరాయలు. పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగరాన్ని చూసి అబ్బురపడింది 1443లోనే. కొత్తగా ఆడేవాళ్ళు స్పెయిన్‌లోని కాస్టీల్‌నో, పోర్చుగల్‌నో తీసుకోవడం మంచిదని మావాడి సలహా. హంపీ ఉండగా నాకు కాస్టీల్ ఎందుకు?

ఇందులో సైనికుణ్ణి పట్టుకుని కత్తి తిప్పించడం ఉండదు. రోజులు గడుస్తుంటాయి, నెల తిరిగేసరికి పన్నులు జమ, జీతాలు ఖర్చు. స్పేస్ బటన్ నొక్కితే కాలం ఆగిపోతుంది. కొత్తవాళ్ళకి ఇంతకు మించిన సదుపాయం లేదు. నేనైతే మొదటి వారమంతా కాలాన్ని ఆపి లెడ్జరే చదివాను. అవునండీ, ఆటలోనే లెడ్జర్ అని ఒకటుంది! ఏ రాజ్యానికి ఎంత ఆదాయం, ఎంత సైన్యం, అన్నీ పట్టికలే. బి.కాం. చదివినవాడికి ఇంకేం కావాలి?

ఊరికే యుద్ధం ప్రకటిస్తే రాజ్యంలో స్థిరత్వం పడిపోతుంది. కారణం చూపించాలి. ఆ కారణం ఎలా వస్తుందంటే, పొరుగు రాజ్యంలోకి గూఢచారిని పంపి, ఫలానా ప్రాంతం మాదేనని ఒక హక్కు పత్రం పుట్టించాలి. ముప్ఫై ఏళ్ళుగా తాకట్టు దస్తావేజులు పరీక్షిస్తున్నవాణ్ణి. ఇలాంటి కాగితం మా కౌంటర్ మీదికొస్తే లీగల్ సెక్షన్‌కి పంపుతాం. ఇక్కడ దాని మీద ఏకంగా యుద్ధమే చెయ్యొచ్చు. రాయచూరు మీద అలాంటి పత్రం ఒకటి పుట్టించి, 1448లో బహమనీల మీదికి వెళ్ళాను.

తూర్పు సరిహద్దు ముందే భద్రం చేసుకున్నాను. అసలు చరిత్రలో కపిలేంద్ర గజపతి 1454లో కొండవీడు పట్టుకున్నాడు. నా ఆటలో ఆయనతో వియ్యమందాను. ఈ సంగతి చెబితే మా ఆవిడ, “బరంపురం సంబంధమన్నమాట. ఇచ్చిపుచ్చుకోడాలు మాట్లాడారా?” అంది.

యుద్ధం నాలుగేళ్ళు సాగింది. కోట ముట్టడి అంటే నెలకొకసారి పాచిక పడటమే. పక్కన ఏడు శాతం అవకాశం అని కనబడుతుంది, ఎనిమిది నెలలైనా కోట లొంగదు. ఈలోగా జీతాలు ఆగవు. ఖజానా అడుగంటాక అప్పులు మొదలయ్యాయి. అప్పుకి అయిదేళ్ళ గడువు, నూటికి నాలుగు వడ్డీ, ఆ పైన ప్రతి అప్పుతోనూ దేశంలో ధరలు కొంచెం పెరుగుతాయి. ఈ చివరి సంగతి పెట్టినవాడెవడో గట్టివాడు. నేను అయిదు అప్పులు తీసుకున్నాను, ఆరోది తీసుకోకుండా సంధికి కూర్చున్నాను. రాయచూరుతోపాటు కొంత రొక్కం వచ్చింది. దానితో మూడు అప్పులు తీర్చేశాను.

సంధి అయ్యాక నష్టాల పట్టిక చూపిస్తారు. నా వైపు పోరులో చచ్చినవాళ్ళు పదకొండు వేలు. శిబిరాల్లో, దారుల్లో తిండీ నీరూ చాలక పోయినవాళ్ళు పదిహేడు వేలు. ఒక ప్రాంతం ఎంతమందికి తిండి పెట్టగలదో దానికొక లెక్కుంది. దాన్ని మించి సైన్యాన్ని నిలిపితే నెలనెలా మనుషులు రాలిపోతారు. పాటల్లో మనం పాడుకునే వీరులు ఈ రెండో అంకెలో ఉండరు. ఆ రాత్రి ఆ పట్టికని మూయడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

సంధి గడువు తీరాక రెండో యుద్ధంలో షోలాపూర్ వైపు ప్రాంతం చేతికొచ్చింది. అక్కడే చిక్కొచ్చింది. ఈ ఆటలో ప్రతి ప్రాంతానికీ ఒక జాతి, దానికి భాష పేరు. షోలాపూర్‌కి మరాఠీ, మదురైకి తమిళం. రాజ్యం అంగీకరించిన జాతి కాకపోతే అక్కడ పన్నూ తక్కువే, సైన్యమూ తక్కువే. దానికి మందుగా ఒక బటన్ ఇచ్చారు. దౌత్యానికి దాచుకున్న పాయింట్లు చెల్లిస్తే, కొన్నేళ్ళలో ఆ ప్రాంతం జాతి మారిపోతుంది, మరాఠీ పేరు తీసేసి మన పేరు పెడతారు.

ఆదివారం ఫోన్లో మావాడు, “మార్చెయ్ నాయనా, ఆదాయం పెరుగుతుంది” అన్నాడు.

నేను షోలాపూర్ బ్రాంచిలో మూడేళ్ళు పనిచేశాను. మగ్గాల అప్పుల కోసం వచ్చే పద్మశాలీలు తరతరాలుగా అక్కడివాళ్ళు. బేరం మరాఠీలో చేస్తారు, పిల్లల్ని తెలుగులో కేకలేస్తారు. మా వంశమేమో నాయకరాజుల కాలంలో మదురై చేరిందని మా తాతగారు చెప్పేవారు. తమిళనాడులో 2006 చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయినప్పుడు మన ఇళ్ళల్లో ఎంత మథనపడ్డామో మీకు చెప్పక్కర్లేదు. ఆ షోలాపూర్ మగ్గాలవాళ్ళూ, మదురైలో మనమూ ఈ పటంలో ఎక్కడున్నామని వెతికాను. లేము. ఒక ప్రాంతానికి ఒకటే గడి, ఒకటే భాష. స్టాక్‌హోమ్ వాళ్ళని అనడానికేముంది, మన జనం కూడా అలాగే గీసుకుంటున్నారు. తెలుగులో ‘ఆముక్తమాల్యద’ రాసిన కృష్ణదేవరాయల్ని కన్నడ రాజా, తెలుగు రాజా అని ఇప్పటికీ తగువులాడుతున్నాం కదా!

ఆ బటన్ నేను నొక్కలేదు. ఇంకొక దారి ఉంది. వంద పాయింట్లు ఇస్తే ఆ జాతిని రాజ్యం అంగీకరిస్తుంది, పేరు మారదు, పన్నులో కోత పోతుంది. అలాంటి స్థానాలు మాత్రం కొన్నే ఉంటాయి. మిగిలిన ఒక్కటీ మరాఠీకి ఇచ్చాను. కట్టాలనుకున్న రెండు ఓడరేవులు దాని మూలంగా వెనక్కి పడ్డాయి.

ఇది చెబితే మావాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “నాయనా, మనం మదురైకి ఎప్పుడొచ్చామన్నావు?” అని అడిగాడు. విశ్వనాథ నాయకుడు 1529లో మొదలుపెట్టిన పాలన దగ్గర్నుంచి మొదలుపెట్టి, తాతగారి మాటల్లో నాకు గుర్తున్నదంతా చెప్పాను. ఫోన్ గంటంపావు నడిచింది.

నా ఆటలో ఇప్పుడు 1471. అప్పులు రెండున్నాయి, రెండూ ఈ సంవత్సరంతో తీరిపోతాయి. బహమనీలతో సంధి ఇంకా నాలుగేళ్ళుంది.