వాయులీన విద్వాంసుల చేతినొప్పులు – నివారణోపాయములు

వాయులీనము పరదేశము నుండి వచ్చి మనదైన వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దారంభమున దీనిని కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అచట బోధించిన పిమ్మట ఆంధ్రదేశమున ఈ వాద్యమునకు లభించిన గౌరవము అందరెరిగినదే.

వాద్యము పాశ్చాత్యులదైనను పట్టు మనది. వారు నిలుచుండియో, కుర్చీపై కూర్చుండియో, గడ్డము క్రింద వాద్యమును నిలిపి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను ఎడమ భుజమునకు, ఎదకు ఆనించి, రెండవ కొనను కుడి పాదముపై నిలిపి వాయింతురు. ఇందువలన ఎడమచేతికి బరువు తగ్గి, గమకములు పలికించుటకు వ్రేళ్ళు తంత్రులపై స్వేచ్ఛగా జారును. కాని గంటల తరబడి కదలక కూర్చుండుటవలన మెడ, భుజములు, నడుము, మోకాళ్ళు శ్రమకు లోనగును.

కచేరీయే జీవనాధారమైన విద్వాంసునికి ఇది చిన్న విషయము కాదు. చేయి నొచ్చినదని కచేరీ మానుకొనిన ఆనాటి సంభావన పోవును. మరుసటి పిలుపు మరియొకరికి పోవునేమోయను భయము కూడ ఉండును. అందుచేత పలువురు నొప్పిని దాచి, పైపూతలతోను మాత్రలతోను అణచి వాయించుచుందురు. కొంతకాలమునకు వ్రేళ్ళు మాట వినవు. కావున నొప్పికి కారణమైన దానిని విడుచుటయే మొదటి చికిత్సయని, తైలము, కషాయము ఆ తరువాతివని గుర్తుంచుకొనవలెను.

శాస్త్రము చెప్పునది

ప్రాచీన గ్రంథములలో వాయులీనము లేదు గాని, ఈ వాద్యకారులు చెప్పుకొను బాధలను పోలిన వ్యాధులు కలవు. భుజమున వాతము ప్రకోపించి, అచటి బంధనములను శోషింపజేసి, సిరలను ముడుచునట్లు చేసినచో అది అవబాహుకము. బాహువు నుండి వ్రేళ్ళ కొనల వరకు పోవు కండరలను వాతము ఆశ్రయించి చేతి పనిని చెరచినచో అది విశ్వాచి. అతిశ్రమ, రాత్రి జాగరణ, రూక్షాహారము, వేగధారణము అను నాలుగును వాతప్రకోపమునకు హేతువులు. ముహూర్తముల రోజులలోను, ఉత్సవముల రోజులలోను సంగీత కళాకారుని దినచర్యలో ఈ నాలుగును ఒక్కచోట చేరును.

కూర్చుండు విధానము

పలుచని చాపపై కూర్చుండక, పిరుదుల క్రింద రెండు మూడు అంగుళముల ఎత్తున మడిచిన దుప్పటి వేసుకొనవలెను. మోకాళ్ళు తుంటికంటె పల్లముగా నుండినచో నడుము తనంతట నిలుచును. వాద్యపు కొన మరీ పల్లమైనచో మెడ దానివెంట వంగును. పాదముపై మడిచిన వస్త్రముంచి ఎత్తును సరిచేసికొనవలెను. నెలకొకసారియైనను అద్దము ముందు కూర్చుండి వాయించుచు, భుజములు రెండును సమముగా నున్నవో లేక ఎడమది చెవివైపు లేచినదో చూచుకొనుట మంచిది.

కచేరీలో తని ఆవర్తనము మృదంగ, ఘట విద్వాంసులది. ఆ సమయమున కమానును ఒడిలో నుంచి, భుజములను జారవిడిచి, వ్రేళ్ళను మెల్లగా ముడిచి విప్పుచుండవలెను. ఆ పది, పదునైదు నిమిషముల విశ్రాంతి తరువాతి పల్లవికి బలమగును.

సాధనకు మితి

వ్యాయామమును అర్ధశక్తితో చేయవలెనని మన శాస్త్రము. నుదుట, ముక్కున, చంకలలో చెమట పొడసూపుట దానికి గుర్తు. వాద్యసాధనయు వ్యాయామమే. ఇరువదియైదు నిమిషములు సాధన చేసి ఐదు నిమిషములు వాద్యమును దించి లేచి నడువవలెను. సరళీ వరుసలను మొదటి కాలమున ప్రారంభించి రెండవ, మూడవ కాలములకు పోవు మన పద్ధతిలో దేహధర్మము కూడ ఇమిడియున్నది. నిడుపైన కమానుతో విలంబముగా ఆరంభించినచో కండరములు వేడెక్కి సిద్ధమగును. చలికాలమున అంతకుముందు చేతులను గోరువెచ్చని నీటిలో ఐదు నిమిషము లుంచవలెను.

నొప్పులు ఎక్కువగా మొదలగునది కచేరీకి వారము ముందు. నిత్యము ఒక గంట సాధన చేయువారు ఒక్కసారిగా నాలుగు గంటలు చేయుదురు. అట్లుకాక దినదినమునకు కొంచెము చొప్పున పెంచవలెను. సంగతులను మనసులో మననము చేసికొనుటయు సాధనయే. దానివలన చేతికి శ్రమ లేదు.

అభ్యంగము, కాపడము

తైలమును సాధన ముగిసిన పిమ్మట మాత్రమే వాడవలెను. కమాను వెంట్రుకలకు జిడ్డు సోకినచో రోజిన్ పట్టదు, నాదము చెడును. గమకములకై ఎడమ వ్రేళ్ళకు కొబ్బరినూనె చుక్క రాసుకొను అలవాటున్నవారు కూడ కుడిచేతిని పొడిగా నుంచుకొనవలెను.

వావిలాకు తైలము: లేత వావిలి ఆకులను దంచి పిండిన రసము 400 మిల్లీలీటర్లు, నువ్వులనూనె 100 మిల్లీలీటర్లు కలిపి సన్నని సెగపై కాచవలెను. రసమంతయు ఇగిరి, నూనెలో ముంచిన వత్తి చిటపటలాడక వెలిగినచో పాకము సిద్ధించినట్లు. చల్లార్చి వడగట్టి సీసాలో నిలువచేసికొనవలెను. రాత్రి పడుకొనుటకు గంట ముందు గోరువెచ్చగా మెడ, భుజములు, ముంజేతులపై పదినిమిషములు మృదువుగా మర్దించి, పిమ్మట వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడము పెట్టవలెను. దీనిని తయారుచేయు తీరిక లేనివారు అంగడిలో దొరకు మహానారాయణ తైలమును వాడవచ్చును. కీలు ఎర్రబడి, వాచి, వేడిగా నున్నచో మర్దనము గాని కాపడము గాని కూడదు. స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు కాపడము విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. చర్మము కాలినను వారికి తెలియదు.

ఆహారము, నిద్ర

కచేరీకి రెండు గంటల ముందు పెసరకట్టు, నేయి కలిపిన అన్నము మితముగా భుజించుట మేలు. బజ్జీలు, చల్లారిన పలహారములు, కప్పు వెంట కప్పు కాఫీ వాతమును పెంచును. నడుమ లేవవలసి వచ్చునని నీరు త్రాగక, మూత్రవేగమును ఆపుకొని మూడు గంటలు కూర్చుండుట తగదు.

రాత్రి కచేరీ చేసి బస్సులోనో, రైలులోనో తెల్లవారువరకు ప్రయాణము చేసినవారికి శాస్త్రము ఒక మార్గము చూపినది. ఎంతకాలము నిద్ర తప్పినదో అందులో సగము కాలము, మరునాటి ఉదయము భోజనమునకు ముందు నిద్రించవలెను. భుజించి పగలు నిద్రించుట మంచిది కాదు.

వాతనొప్పులకు వెల్లుల్లి పాలు మేలుచేయును. నలిపిన వెల్లుల్లి రెబ్బలు నాలుగు, పాలు ఒక కప్పు, నీరు ఒక కప్పు కలిపి, ఒక కప్పు మిగులువరకు కాచి వడగట్టి రాత్రి త్రాగవలెను. ఆమ్లపిత్తము కలవారు, రక్తమును పలుచబరచు మందులు వాడువారు దీనిని సేవింపరాదు.

ఉపేక్షింపరాని లక్షణములు

రాత్రివేళ వ్రేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వచ్చుట, తంత్రిని నొక్కు బలము తగ్గుట, కమాను జారిపోవుట, నొప్పి లేకయే ఒక వ్రేలు వాయించునపుడు మాత్రము తనంతట ముడుచుకొనుట – ఇవి నరములకు సంబంధించినవి. ఇట్టివారు గృహచికిత్సలతో కాలము గడపక నరముల వైద్యుని చూడవలెను. భుజము బిగిసి చేయి పైకి లేవనిచో మధుమేహము, థైరాయిడ్ పరీక్షలు కూడ చేయించుకొనవలెను.

ఇంకొక మాట. ఎడమ భుజము నొచ్చిన ప్రతిసారియు వాద్యమునే నిందించుట విద్వాంసులకు అలవాటు. ఛాతీ బిగపట్టినట్లుండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినచో అది గుండెపోటు కావచ్చును. క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

విద్యార్థులకు బోధించు గురువులు కూడ ఈ విషయమును గమనింపవలెను. చేయి నొచ్చుచున్నదని శిష్యుడు చెప్పినపుడు అది బద్ధకమని త్రోసివేయక, అతడు కూర్చుండు తీరును, సాధన చేయు కాలమును విచారించినచో పెక్కు నొప్పులు మందు లేకయే మొదటనే తగ్గును.